ఈగల గది మోర్గాన్

తండ్రి తాగితే కొడుకూ తాగుతాడు, అది రక్తంలోనే ఉంటుంది అని అరుగుల మీద అనుకోవడం మనకు కొత్త కాదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆ మాట చాటుగా వస్తూనే ఉంటుంది. నూరేళ్ల కిందట అమెరికాలో ఆ మాట అరుగు దిగి చట్టసభ మెట్లెక్కింది. వంశం చెడ్డదని తేల్చినవాళ్లకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చెయ్యొచ్చని 1907లో ఇండియానా రాష్ట్రం చట్టం తెచ్చింది. దాని వెనకే మరెన్నో రాష్ట్రాలు నడిచాయి. మొత్తం మీద 60 వేల మందికి పైగా ఆ కత్తి కింద పడ్డారు. అలాంటి చట్టాలకు నమూనాగా 1922లో తయారు చేసిన ముసాయిదాలో మతి మందగించినవాళ్లు, మూర్ఛరోగులు, నేరస్తులతో పాటు తాగుబోతులనూ చేర్చారు.

అదే దేశంలో, ఆ రోజుల్లోనే, ఒక ప్రొఫెసరు పాలసీసాల్లో ఈగలు పెంచుకుంటూ కూర్చున్నాడు. వంశంలో అసలు ఏది వస్తుంది, ఎలా వస్తుంది అనేదే ఆయన పట్టుకున్న ప్రశ్న. పేరు థామస్ హంట్ మోర్గాన్. ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివినవాళ్లెవరికైనా తెల్లకన్ను ఈగ బొమ్మ, దాని పక్కన ఈయన పేరు గుర్తుండే ఉంటాయి. పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్నగానే చాలామందికి ఆయన తెలుసు. ఆయన తాగుడు మీద ప్రత్యేకంగా పరిశోధన చేసినవాడు కాదు. కానీ తాగుడు వ్యసనానికి శరీరంలో మూలం ఎక్కడుందో చిన్న జీవుల్లో వెతికే శాస్త్రం ఇవాళ నిలబడి ఉన్నది ఆయన వేసిన పునాది మీదే.

మోర్గాన్ 1866 సెప్టెంబరు 25న కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పుట్టాడు. మెండెల్ బఠాణీ మొక్కల వ్యాసం అచ్చయిందీ ఆ సంవత్సరమే. కెంటకీ అంటే గుర్రాలకు, బోర్బన్ విస్కీకి పేరున్న సీమ. మోర్గాన్‌ల ఇల్లు ఒకప్పుడు పెద్ద కలిగిన ఇల్లు. పెదతండ్రి జాన్ హంట్ మోర్గాన్ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గుర్రపు దళం నడిపి 1864లో చనిపోయిన సేనాని. తల్లివైపు ముత్తాత అమెరికా జాతీయగీతం రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ. యుద్ధంలో ఓడిపోయిన పక్షం కాబట్టి ఆస్తి కరిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఊరంతా పెదతండ్రి వీరగాథలు చెప్పుకుంటుంటే ఈ కుర్రాడు మాత్రం పక్షి గుడ్లు, శిలాజాలు, సీతాకోకచిలుకలు పోగేసుకుంటూ తిరిగాడు. పెద్దయ్యాక కూడా వంశ గౌరవం గురించి పెద్దగా పట్టించుకోలేదు. వంశపారంపర్యం మీదే జీవితం గడిపిన మనిషికి సొంత వంశం మీద మోజు లేకపోవడం విచిత్రమే.

కెంటకీలో 1886లో డిగ్రీ, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1890లో డాక్టరేట్. తర్వాత బ్రిన్ మార్ అనే ఆడపిల్లల కళాశాలలో పాఠాలు చెప్పాడు. ముక్కలు చేసిన వానపాము మళ్లీ ఎలా పెరుగుతుంది, సముద్రపు జీవుల గుడ్డులో సగం తీసేస్తే పిండం ఏమవుతుంది లాంటి ప్రశ్నల వెంట పడ్డాడు. 1904లో తన దగ్గరే చదువుకున్న లిలియన్ శాంప్సన్‌ను పెళ్లి చేసుకుని, అదే ఏడు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరాడు.

అప్పటికి ఆయన మెండెల్ సూత్రాలను నమ్మేవాడు కాదు. క్రోమోజోముల మీదే వంశ లక్షణాలు ఉంటాయన్న మాటనూ ఒప్పుకునేవాడు కాదు. కంటికి కనపడనిది, లెక్కకు అందనిది ఏదీ ఆయనకు రుచించదు. ఊహ ఎంత అందంగా ఉన్నా ప్రయోగం చేసి చూపించమనే రకం. ఆ మొండితనమే చివరికి ఆయన చేత తాను నమ్మనిదాన్నే రుజువు చేయించింది.

పదహారడుగుల గది

1908 ప్రాంతంలో మోర్గాన్ డ్రోసోఫిలాను పట్టుకున్నాడు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుకునే సన్న ఈగ అది. మన ఇళ్లలో మామిడిపళ్ల బుట్ట దగ్గర, కల్లు పాక దగ్గర కనిపించే జాతే. పది పన్నెండు రోజుల్లో ఒక తరం అయిపోతుంది. ఒక్క జంటకు వందల్లో పిల్లలు. తిండి ఖర్చు అరటిపళ్లే. క్రోమోజోములు నాలుగే జతలు. మనిషిలో నాలుగు తరాలు చూడాలంటే నూరేళ్లు కావాలి, ఈగలో నెలన్నర చాలు.

కొలంబియాలోని ఆ గది పొడవు 23 అడుగులు, వెడల్పు 16 అడుగులు. ఎనిమిది బల్లలు. గోడల నిండా పాలసీసాలు. పులిసిన అరటిపళ్ల కంపు, ఈథర్ వాసన, నేల మీద బొద్దింకలు. ఈగలకు ఈథర్ పట్టించి మత్తులో ఉండగానే భూతద్దంతో లెక్కపెట్టేవాళ్లు. లెక్క అయ్యాక అక్కర్లేని ఈగలను మోర్గాన్ తెల్లటి పింగాణీ పలక మీదే నలిపేసేవాడట, అది కడిగే ఓపిక కూడా ఉండేది కాదట. కాగితం కొనడం దండగని తనకొచ్చిన ఉత్తరాల కవర్ల మీద లెక్కలు రాసుకునేవాడు. విశ్వవిద్యాలయం డబ్బు విషయంలో అంత పిసినారి, శిష్యులకు సొంత జేబులోంచి ఇవ్వడంలో అంత ధారాళం.

రెండేళ్ల పాటు ఏమీ జరగలేదు. ఈగలను రకరకాలుగా మార్చాలని చూసినా ఫలితం లేదు. 1910లో ఒక సీసాలో తెల్లకళ్ల మగ ఈగ ఒకటి కనిపించింది. మామూలు ఈగల కళ్లు ఎర్రగా ఉంటాయి. ఆ రోజుల్లోనే లిలియన్ మూడో బిడ్డను కని ఆసుపత్రిలో ఉందని, మోర్గాన్ చూడటానికి వెళితే ఆమె మొదట ఈగ ఎలా ఉందని అడిగిందని ఇంట్లో చెప్పుకునే కథ. నీరసంగా ఉన్న ఆ ఈగను ఎర్రకన్ను ఆడ ఈగతో కలిపి బతికించుకున్నాడు.

పుట్టిన 1,237 పిల్లలకూ ఎర్రకళ్లే, మధ్యలో మూడు తెల్లకన్ను మగవి తప్ప. ఎర్రకన్ను పిల్లలను వాటిలో వాటికే కలిపితే 2,459 ఎర్రకన్ను ఆడవి, 1,011 ఎర్రకన్ను మగవి, 782 తెల్లకన్ను మగవి వచ్చాయి. తెల్లకన్ను ఆడది ఒక్కటీ లేదు. తాత లక్షణం మనవళ్లకే వచ్చింది, మనవరాళ్లకు రాలేదు. కూతుళ్లలో అది దాగి ఉంది. ఆ కూతుళ్లను తెల్లకన్ను తాతతోనే కలిపితే తెల్లకన్ను ఆడవీ పుట్టాయి. అంటే ఆ లక్షణం ఆడామగా తేల్చే ఎక్స్ క్రోమోజోమును పట్టుకునే నడుస్తోందన్నమాట. నమ్మనన్న మనిషే తలవంచి ఒప్పుకున్నాడు. ఇంతకీ ఇలా మాట మార్చుకోవడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు. శాస్త్రవేత్తల్లోనూ ఇది అరుదే.

ఆ తర్వాత గది కుర్రాళ్లది. ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ డిగ్రీ చదువుతూనే ఒక రాత్రి హోంవర్క్ పక్కన పడేసి, క్రోమోజోము మీద ఏ జన్యువు ఎంత దూరంలో ఉందో చూపే మొదటి పటం గీశాడు. అది 1913లో అచ్చయింది. సీసాలు కడిగే పనికి చేరిన కాల్విన్ బ్రిడ్జెస్, మందపాటి గాజులోంచే రంగు తేడా ఉన్న ఈగ కంటిని పట్టేశాడు. అతని చేతి నుంచి సీసాలు తీసుకుని ఈగలు ఇచ్చారు. హెర్మన్ ముల్లర్ మూడోవాడు, తర్వాత 1946లో నోబెల్ కొట్టినవాడు. తన ఆలోచనలకు గదిలో రావాల్సిన పేరు రాలేదని అతనికి చివరిదాకా గుర్రుగానే ఉండేది. 1915లో వీళ్లు నలుగురూ కలిసి రాసిన మెండెల్ వంశపారంపర్య యంత్రాంగం పుస్తకంతో ఆధునిక జన్యుశాస్త్రం ఒక తీరానికి చేరింది.

లిలియన్ సంగతి కూడా చెప్పాలి. నలుగురు పిల్లలు కాస్త ఎదిగాక ఆమె మళ్లీ ప్రయోగశాలకు వచ్చింది. రెండు ఎక్స్ క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోయిన ఈగను కనిపెట్టింది ఆమే. ఇప్పటికీ ఈగల ప్రయోగశాలల్లో అది పనిముట్టు. కానీ జీతం లేదు, హోదా లేదు. భర్త పోయిన తర్వాత 1946లో, డెబ్బై అయిదేళ్లు దాటాక, ఆమెకు పరిశోధకురాలిగా ఒక పదవి ఇచ్చారు. గొప్పగా చెప్పుకునే ఆ గది కథలో ఇదొక మచ్చ.

గినీ పిగ్‌లు, కోళ్లు, వంశవృక్షాలు

మోర్గాన్ గదిలో సీసాలు నిండుతున్న 1910లోనే న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో యూజెనిక్స్ కార్యాలయం తెరిచారు. నడిపింది చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రవేత్త. ఉద్యోగులు ఊళ్ల మీద పడి ఇల్లిల్లూ తిరిగి, ఎవరి తాత తాగేవాడు, ఎవరి మేనత్త మతి సరిగా లేనిది, ఎవరి అన్న జైలుకు పోయాడు అని రాసుకొచ్చేవాళ్లు. దాన్ని వంశవృక్షంగా గీస్తే తాగుడు కూడా తెల్లకన్నులాగే ఒక్క జన్యువు మీద ఎక్కి వస్తున్నట్టు కనిపించేది. ఇరుగుపొరుగు చెప్పిన చాడీలే అక్కడ సాక్ష్యం.

జంతువుల మీద ప్రయోగాలూ జరిగాయి. మోర్గాన్ దగ్గరే డాక్టరేట్ చేసిన చార్లెస్ స్టాకార్డ్ కార్నెల్ వైద్య కళాశాలలో గినీ పిగ్‌లకు రోజూ సారా ఆవిరి పీల్పించాడు. కడుపులోకి పోస్తే జీర్ణం చెడుతోందని ఆవిరి పెట్టెల్లో ఉంచేవాడు. గ్రీసు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన జార్జ్ పాపనికొలావ్ ఆ ప్రయోగంలో తోడు. ఆయన్ను కార్నెల్‌లో చేర్చుకోవడానికి సిఫారసు చేసింది మోర్గానే. ఆడవాళ్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ పరీక్ష పేరులో ఉన్నది ఆయనే. ఆవిరి పీల్చిన గినీ పిగ్‌ల సంతానంలో చచ్చి పుట్టినవి, అవిటివి ఎక్కువగా ఉన్నాయని, తాగని మనవల్లోనూ ఆ దెబ్బ కనిపించిందని స్టాకార్డ్ రాశాడు. మద్యనిషేధం కోరేవాళ్లకు అది చేతికందిన ఆయుధమైంది. ఇంకోవైపు రేమండ్ పెర్ల్ కోళ్ల మీద చేస్తే ఫలితం తిరగబడింది. పిల్లలు తక్కువగా పుట్టాయి గానీ పుట్టినవి బలంగానే ఉన్నాయి.

ఎవరిది నిజం? ఇప్పుడు వెనక్కి చూస్తే తెలిసేదేమిటంటే, రెండు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టారు. గర్భిణి తాగితే కడుపులో బిడ్డ దెబ్బతింటుంది. దానికి 1973లో వైద్యులు పేరు కూడా పెట్టారు. అది విషప్రభావం, జన్యువుల ద్వారా వచ్చేది కాదు. తాగాలనే మొగ్గు తరం నుంచి తరానికి రావడం ఇంకో ప్రశ్న. దానికి జవాబు కావాలంటే వంశం పక్కాగా తెలిసిన జీవి ఉండాలి, లెక్కపెట్టగలిగే లక్షణం ఉండాలి, వేలల్లో పిల్లలు ఉండాలి. ఆ మూడూ అప్పట్లో ఉన్నది ఈగల గదిలోనే.

మోర్గాన్ మొదట డావెన్‌పోర్ట్ వాళ్ల బ్రీడర్స్ సంఘంలో సభ్యుడే. 1910ల మధ్యలో, వాళ్లు చేసే ప్రకటనలకు ఆధారాలు లేవని విసుగెత్తి తప్పుకున్నాడు. అయితే గట్టిగా బయటికి చెప్పలేదు. ప్రైవేటు ఉత్తరంతో సరిపెట్టాడు. జన్యువుల గురించి ఆయన కంటే ఎక్కువ తెలిసినవాడు దేశంలో లేడు. ఆయన నోరు విప్పి ఉంటే ఎంత ఆగేదో తెలియదు గానీ, మౌనంగా ఉన్న ఆ పదేళ్లలో చట్టాలు పెరిగాయి. ఈ లోటు ఆయన ఖాతాలో రాయాల్సిందే.

1925లో మాత్రం రాశాడు. పరిణామం, జన్యుశాస్త్రం మీద ఆ ఏడు తెచ్చిన పుస్తకంలో మనిషి వంశపారంపర్యం గురించి ఒక అధ్యాయం చేర్చాడు. నేరాలు, తాగుడు, వ్యభిచారం తరతరాలుగా నడిచాయని చూపే వంశవృక్షాలను అందులో తోసిపుచ్చాడు. ఆ కుటుంబాలు బతికిన పాడు పరిస్థితుల్లో పడేస్తే మామూలు కుటుంబం కూడా మునిగిపోతుందని ఆయన వాదన. ఆస్తితో పాటు అలవాట్లు, ఇంటి వాతావరణం కూడా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి కదా, వాటిని తీసేసి చూడకుండా నేరం జన్యువుల మీద నెట్టడం కుదరదన్నాడు. రెండేళ్లకే, 1927లో, అమెరికా సుప్రీంకోర్టు బలవంతపు ఆపరేషన్ చట్టాన్ని ఎనిమిది మంది న్యాయమూర్తుల మద్దతుతో సమర్థించింది. వ్యతిరేకించింది ఒక్కరే. పుస్తకం ఒకవైపు, తీర్పు ఒకవైపు.

1928లో మోర్గాన్ కాలిఫోర్నియాలోని పాసడీనాకు వెళ్లి కాల్‌టెక్‌లో జీవశాస్త్ర విభాగం మొదలుపెట్టాడు. ఈగల సీసాలూ వెంటే వెళ్లాయి. 1933లో నోబెల్ వచ్చింది. ఆ డిసెంబరు 5న అమెరికాలో పదమూడేళ్ల మద్యనిషేధం ముగిస్తే, 10న స్టాక్‌హోమ్‌లో బహుమతి సభ జరిగింది. పని ఒత్తిడి ఉందని మోర్గాన్ వెళ్లలేదు. మరుసటి ఏడు వెళ్లి ప్రసంగం చేసి వచ్చాడు. డబ్బును తన పిల్లలతో పాటు స్టర్టెవాంట్, బ్రిడ్జెస్‌ల పిల్లలకూ పంచాడు. ఎందుకిచ్చానో ఎవరికీ వివరించుకోలేదు. 1945 డిసెంబరు 4న పాసడీనాలో కన్నుమూశాడు.

ఆయన పోయాక తాగిన ఈగలు

ఈగకు సారా కొత్త కాదు. పులిసిన పండులో ఈస్ట్ చేసే ఆల్కహాలులోనే అది గుడ్లు పెడుతుంది, పిల్లలు అందులోనే పెరుగుతాయి. ఆల్కహాలును విరిచే ఎంజైము మనకున్నట్టే దానికీ ఉంది. ఆవిరి పట్టిస్తే మనిషిలాగే మొదట హుషారెక్కి పరుగులు తీస్తుంది, తర్వాత తూలుతుంది, చివరికి పడిపోతుంది. మర్నాడు మళ్లీ పట్టిస్తే అంతే మత్తు రావడానికి ఇంకాస్త ఎక్కువ కావాలి.

కాల్‌టెక్‌లో మోర్గాన్ వేసిన పందిట్లోకి 1960లలో సీమూర్ బెంజర్ వచ్చాడు. కంటి రంగు, రెక్కల ఆకారం కాదు, ఈగ నడతే ఒక లక్షణంగా చూడాలన్నది ఆయన పంతం. నిద్ర, మెలకువ, జ్ఞాపకం అన్నింటికీ ఈగల్లో జన్యువులు వెతికించాడు. ఆయన దగ్గర పనిచేసి వచ్చినవాళ్లలో మన దేశం నుంచి ఒబైద్ సిద్దిఖీ ఒకరు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1962లో అణు జీవశాస్త్ర విభాగం మొదలుపెట్టింది ఆయనే. వేడికి చచ్చుబడిపోయే ఈగల మీద బెంజర్‌తో కలిసి చేసిన పని 1976లో అచ్చయింది. తర్వాత బెంగళూరులో జాతీయ జీవశాస్త్ర కేంద్రాన్ని నిలబెట్టాడు. 2013లో బెంగళూరులోనే పోయాడు. హెబ్బాళ దగ్గర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఆ కేంద్రంలో కొలంబియా గది వారసత్వం ఇప్పటికీ నడుస్తోంది.

తాగుడు మీద సూటిగా పని 1990లలో ఊపందుకుంది. నాలుగడుగుల గాజు గొట్టం, లోపల వాలుగా మెట్లు, కింద నుంచి పైకి ఆల్కహాలు ఆవిరి. పైన వదిలిన ఈగలు మెట్లు పట్టుకుని నిలబడతాయి, మత్తెక్కిన కొద్దీ ఒక్కో మెట్టూ జారి అడుగున పడతాయి. మామూలు ఈగకు ఇరవై నిమిషాలు. అంతకు ముందే పడిపోయే రకాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉల్రికే హెబర్లీన్ బృందం 1998లో పట్టుకుంది. దానికి చీప్‌డేట్ అని పేరు పెట్టారు, తక్కువ ఖర్చుతో మత్తెక్కేదని. ఏ జన్యువు చెడిందని చూస్తే, నేర్చుకున్నది త్వరగా మరిచిపోయే ఈగల్లో అంతకు ముందెప్పుడో దొరికిన జన్యువే. మందుకు, మతిమరుపుకు మెదడులో ఒకటే దారి ఉందని తేలింది.

2009లో, చేదు కలిపినా వదలకుండా ఆల్కహాలు ఉన్న తిండినే ఎంచుకునే ఈగలను చూపించారు. కొన్నాళ్లు ఆపేసి మళ్లీ ఇస్తే పాత అలవాటుకు వెంటనే వచ్చేశాయి. 2012లో, ఆడ ఈగ దగ్గరికి రానివ్వని మగ ఈగలు ఎక్కువ తాగుతున్నాయని బయటపడింది. మెదడులో ఒక రసాయనం తగ్గడమే కారణం. పత్రికలన్నీ ప్రేమలో ఓడిపోయిన ఈగ అని నవ్వుకున్నాయి. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఈగ పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టదు, కూలి డబ్బులు కొట్టులో పోసి రాదు. దాని దగ్గర చూడగలిగేది మత్తు ఎంతసేపటికి ఎక్కుతుంది, అలవాటు ఎలా పడుతుంది, మళ్లీ ఎందుకు తిరిగొస్తుంది అన్న ముక్కలే. అయినా ఆ ముక్కల్లో పనిచేసే జన్యువులు మనకూ ఉన్నాయి. మనిషి రోగాలకు కారణమయ్యే జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈగలో జోడీ దొరుకుతుంది.

మనుషుల సంగతికొస్తే, కవలల మీద జరిగిన అధ్యయనాలు చెప్పే లెక్క సగం సగం. తాగుడుకు బానిసయ్యే ముప్పులో సుమారు సగం జన్యువులది, మిగతా సగం పెరిగిన ఇల్లు, స్నేహాలు, చేతికందే దూరంలో సీసా ఉండటం లాంటివాటిది. ఆ జన్యువుల సగం కూడా ఒక్కదానిది కాదు, ఒక్కోటి పిసరంత చొప్పున ఎన్నో కలిసి చేసేది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ కార్యాలయం గీసిన వంశవృక్షాల్లో అలాంటిదేమీ లేదు. ఆ కార్యాలయాన్ని 1939 చివరికి మూసేశారు. తాగుబోతు కొడుకుకు ముప్పు ఎక్కువే, కానీ రాసిపెట్టినదేమీ కాదు. అలాంటి ఇళ్లలో పుట్టి చుక్క ముట్టనివాళ్లు మన వీధుల్లోనే బోలెడు.

1910 నాటి తెల్లకన్ను జన్యువు కథ కూడా కంటి దగ్గర ఆగలేదు. అది కంటికి రంగు పదార్థాన్ని మోసుకెళ్లే ప్రొటీనుదని తెలిసింది. మెదడులో డోపమైన్, సెరటోనిన్ మోతాదుల మీద కూడా దాని ప్రభావం ఉంది. తెల్లకన్ను ఈగలు ఆల్కహాలుకు స్పందించే తీరులోనూ తేడా కనిపిస్తోంది. అందుకే ఇప్పుడు మత్తు కొలిచే ప్రయోగశాలల్లో గొట్టంలోకి ఈగలను వదిలే ముందు వాటి కళ్ల రంగు చూసుకుంటారు.